తిరిగొచ్చిన మేక

నిన్న సాయంత్రం నరసాపురం నుండి సఖినేటిపల్లికి పంటు మీద వసిష్ఠ గోదావరిని దాటుతూ, తొమ్మిదేళ్ల మా మనవరాలికి నా చిన్ననాటి చిక్కుప్రశ్న వేశాను. ఒక రైతు పులిని, మేకను, గడ్డిమోపును ఏరు దాటించాలి. పడవలో తనతోపాటు ఒక్కదానికే చోటుంది. తాను దగ్గర లేకపోతే పులి మేకను, మేక గడ్డిని తినేస్తాయి.

చింతగింజను పులిగా, వేరుశనగ గింజను మేకగా, టికెట్టు ముక్కను గడ్డిమోపుగా బల్ల మీద పేర్చుకుని, మేకను ముందుగా దాటించాలని వెంటనే గ్రహించింది గానీ, ఆ తరువాత దేన్ని తీసుకెళ్లినా మేకతో చిక్కే కావడంతో చాలాసేపు ఆగిపోయింది. చివరికి "తాతయ్యా, మేకను వెనక్కి తెచ్చేయొచ్చు కదా!" అని అరిచింది. ఏడు ప్రయాణాల ఈ లెక్కలో నాకు ఎంతో ఇష్టమైనది ఆ వెనకడుగే. 8వ శతాబ్దపు పండితుడు అల్క్విన్ కూర్చాడని చెప్పే లాటిన్ లెక్కలలో ఇదే ప్రశ్న తోడేలు, మేక, క్యాబేజీలతో ఉంది.

పక్కనే కూర్చున్న ఒక పెద్దావిడ ఇదంతా విని, "నీచే దెబ్బలు తిన్నాను, నిలువున ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనయ్యాను, ఎవరిని?" అని పొడుపుకథ వేశారు. నేను చెప్పబోతే చేత్తో వారించారు. రేవు వచ్చినా పిల్లకు జవాబు తట్టలేదు.

ఈ ఉదయం మా దొడ్డిగోడ మీద ఎండుతున్న పిడకలో దిగిన అయిదు వేళ్ల అచ్చుల మీద తన వేళ్లు ఆనించి చూసుకుంటూ, నన్ను కేకేసి పిలిచింది.