ఘాట్‌లో ఆయాసపడిన కారు

ఈ రోజు పొద్దున ఏడు గంటలకే కారు తీసుకెళ్లి మెకానిక్ భాయ్ షెడ్డు ముందు పెట్టాను. వారం నుంచీ ఒకటే టెన్షన్. పోయిన ఆదివారం కడప నుంచి రాయచోటి పోతుంటే, గువ్వలచెరువు ఘాట్‌ని మూడో గేరులో అవలీలగా ఎక్కే నా టర్బో స్పోర్ట్స్ కారు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఆయాసపడింది, ఇంజిన్ లైటు వెలిగింది, వెనక లారీవాడు హారన్ ఆపలేదు. ఊళ్లో మెల్లగా తిప్పితే మాత్రం ఏ తేడా తెలీదు.

మొదట చూపించిన చోట స్కానర్ పెట్టి, పి0299 కోడ్ వచ్చింది, టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే ఫ్యాను, పోయింది, లక్ష దాకా అవుతుందన్నారు. నాకు గుండె జారిపోయింది. కానీ ఆ కోడ్‌కి అర్థం అది కాదు. ఇంజిన్ అడిగినంత బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, అందడం లేదని, అంతే. టర్బోని తిప్పే పొగని పక్కకి మళ్లించే వేస్ట్‌గేట్ తలుపు సరిగ్గా మూసుకోకపోయినా, సెన్సర్ తప్పు చెప్పినా, గొట్టాల్లో ఎక్కడైనా గాలి లీకైనా అదే కోడ్ వస్తుంది.

"ముందు గాలి యాడ పోతాందో చూద్దాం తమ్ముడూ" అన్నాడు భాయ్. ఫిల్టర్ వైపు గొట్టం విప్పి, టర్బోలో వేలు పెట్టి ఇరుసు ఊపి చూశాడు. ఊగలేదు, రెక్కలు కూడా శుభ్రంగా ఉన్నాయి. నాకు సగం ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఒక పీవీసీ పైపు మూతకి టైరు వాల్వ్ బిగించి సొంతంగా చేసుకున్న బిరడా తెచ్చి టర్బో మూతికి పెట్టి, కంప్రెసర్‌తో గాలి కొట్టాడు. టైరుకి 32 పెడతాం కదా, ఇక్కడ 10 పీఎస్ఐ దాటనివ్వలేదు, ఎక్కువైతే సీళ్లు దెబ్బతింటాయట. ఒక్కో జాయింటు మీద సబ్బునీళ్లు చల్లుకుంటూ పోయాం. చాలాసేపు ఏమీ లేదు. బంపర్ కింద, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం వంపు దగ్గర మాత్రం సన్నగా ఉస్సుమంటూ పాలపొంగులా నురుగు లేచింది.

ఆ గొట్టం ఊడదీసి చూస్తే పైకి బాగానే ఉంది, క్లిప్పు పక్కన కాస్త నూనె, దుమ్ము అంటుకుని ఉన్నాయి. రెండు చేతులతో వంచగానే గోరంత చీలిక పెదవుల్లా విచ్చుకుంది, వదిలేస్తే మళ్లీ మూసుకుంది. ఊళ్లో తిరిగేటప్పుడు గొట్టంలో పెద్దగా ఒత్తిడి ఉండదు, చీలిక మూసుకునే ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు టర్బో గాలిని గట్టిగా నెడితే అది తెరుచుకుని, ఇంజిన్‌కి చేరాల్సిన గాలి బయటికి పోతోంది. వారం నుంచి నేను పడిన బాధంతా ఆ గోరంత చీలికలో ఉంది.

మధ్యాహ్నానికి సిలికాన్ గొట్టం దొరికింది, కొలిచి కోసి, రెండు కొత్త క్లిప్పులతో బిగించి కోడ్ తుడిపేశాడు. సాయంత్రం భాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అదే ఘాట్‌కి పోయాను. ఫోన్‌లో చూస్తే మొన్న 0.3 బార్ దాటని బూస్ట్ ఈసారి 0.9కి పోయింది, వీపు సీటుకి అతుక్కుంది, భాయ్ "ఊఁ, ఇదీ బండంటే" అన్నాడు. గువ్వలచెరువులో ఆగి భాయ్ వాళ్ల పిల్లలకు కిలో పాలకోవా కట్టించాను.