పదేళ్లలో పోతుందన్న యురేనియం ఎందుకు పోలేదు

అమెరికాలో కొలంబియా నది ఒడ్డున ఉన్న హాన్‌ఫర్డ్ అణుకేంద్రంలో 300 ఏరియా ఒక భాగం. అక్కడ రియాక్టర్లకు ఇంధనం తయారుచేసి, వ్యర్థజలాన్ని దశాబ్దాల పాటు గుంటల్లోకి, కందకాల్లోకి వదిలారు. భూగర్భజలంలో చేరిన యురేనియం 3 నుంచి 10 ఏళ్లలో దానంతటదే నదిలోకి కొట్టుకుపోతుందని 1990ల మొదట్లో అంచనా వేశారు. పోలేదు.

ఇలాంటి అంచనా ఎంత సున్నితమో ఉజ్జాయింపు అంకెలతో చూడండి. గులకపొరలో నీరు రోజుకు 3 మీటర్లు కదిలితే 300 మీటర్లకు 100 రోజులు. మట్టి సాంద్రత 2 (మిల్లీలీటరుకు గ్రాముల్లో), సచ్ఛిద్రత (మట్టిలో ఖాళీల వాటా) 0.2, యురేనియం మట్టిని అంటుకునే గుణకం (కేడీ) గ్రాముకు 1 మిల్లీలీటరు అనుకుంటే నీటికన్నా యురేనియం ఆలస్యం 1 + (2 ÷ 0.2) × 1 = 11 రెట్లు, అంటే మూడేళ్లు. కేడీ 4 అయితే 41 రెట్లు, పదకొండేళ్ల పైమాటే.

ఈ లెక్కను కంప్యూటర్ మోడల్లో పెట్టి, కేడీని యాదృచ్ఛికంగా అటూ ఇటూ మార్చి పదివేల సార్లు నడిపినా (మాంటే కార్లో రన్‌లు) అసలు తప్పు దొరకదు. మంచు కరిగి మే, జూన్‌లలో నది పొంగితే ఒడ్డున నీటిమట్టమూ లేస్తుంది. పైన పొడిమట్టిలో దాగిన యురేనియం అప్పుడు తడిసి కిందికి దిగుతుంది. మోడల్లో ఆ నిల్వే లేకపోతే ఏ రన్‌లోనూ అది బయటపడదు.

అందుకే ముందు నేల కింద ఏం జరుగుతోందన్నదానికి కొన్ని వేర్వేరు ఊహాచిత్రాలు గీసి, ఒక్కోదానికి ఒక మోడల్ కట్టాలి: పైన నిల్వ ఉన్నది, లేనిది, కేడీ స్థిరమైనది, నీటి రసాయనాన్ని బట్టి మారేది. ప్రతిదాన్నీ ఒకే డేటాతో క్యాలిబ్రేట్ చేసి (కొలతలకు సరిపోయేలా సర్ది), తర్వాతే దేన్ని ఎంత నమ్మాలో చెప్పే భారాలు ఇవ్వాలి. ఇక్కడో ఉచ్చు ఉంది. మోడళ్లను పోల్చే కేఐసీ లాంటి కొలమానంలో రెండు మోడళ్ల మధ్య తేడా 10 ఉంటే చాలు, వెనకబడిన మోడల్‌కు దక్కే భారం మొదటిదానిలో దాదాపు 150వ వంతే. వేల నీటిమట్టపు రీడింగులు ఒకదానికొకటి సంబంధం లేనివని లెక్కిస్తే తేడా వందల్లోకి పోయి, ఒక్క మోడలే మొత్తం భారాన్ని మింగేస్తుంది. రీడింగులు తోడుదొంగల్లా కలిసి కదులుతాయన్నది దోషాల లెక్కలోకి రావాలి. పైగా నీటిమట్టాలు ఎంత బాగా కుదిరినా కేడీ గురించి ఏమీ చెప్పవు.

ఎగువ డ్యామ్ వల్ల నది మట్టం రోజులోనే మారుతుంది కాబట్టి నెలవారీ సగటు పనికిరాదు, గంటగంట రికార్డు కావాలి. బావుల్లో ఏడాదికోసారి, అదీ డిసెంబర్‌లో, నమూనా తీస్తే జూన్ పోటు కనపడదు. పొంగులో ఒకటి, తగ్గాక ఒకటి తీయాలి. చివరి రెండేళ్ల రీడింగులు క్యాలిబ్రేషన్‌లో వాడకుండా పక్కన పెట్టాలి, మోడల్‌ను వాటి మీద పరీక్షించడానికి.