కొత్త రైఫిల్ బ్యారెల్‌కు ‘బ్రేక్-ఇన్’ అవసరమా: నా అనుభవం

లైసెన్సుకూ కాగితాలకూ పట్టిన నెలల సంగతి ఇక్కడ అనవసరం. 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) పోటీల కోసం తెప్పించుకున్న .22 రైఫిల్ నిరుడు విశాఖపట్నంలోని మా ఇంటికి చేరేసరికి, కొత్త బ్యారెల్‌ను, అంటే తూటా దూసుకుపోయే గొట్టాన్ని, ఒక్కో తూటా కాల్చి ఒక్కోసారి తుడుస్తూ అలవాటు చేయాలా, లేక నేరుగా వాడుకోవచ్చా అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది.

ఈ పద్ధతి వెనుక తర్కం లేకపోలేదు. తూటా కూర్చునే గదినీ, దాని ముందు గాడులు మొదలయ్యే చోటునూ రీమరు అనే కోత పనిముట్టు గుండ్రంగా తిరుగుతూ కోస్తుంది కనుక, అక్కడ మిగిలే సన్నని గీతలు తూటా దారికి అడ్డంగా ఉంటాయి. రాగి తొడుగున్న తూటా వాటిని ఒరుసుకుంటూ పోయినప్పుడు రాలిన రాగి వేడి వాయువులతో సాగి గొట్టంలో పేరుకుంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసేస్తే ఆ తరువాతి తూటాలు గీతలను నునుపు చేస్తాయని క్రీగర్ వంటి బ్యారెల్ తయారీ సంస్థలు చెబుతాయి. అదే వృత్తిలోని గేల్ మెక్‌మిలన్ మాత్రం ఇది బ్యారెల్ ఆయుష్షును వృథాగా తగ్గించడమేనని బాహాటంగా వాదించారు.

నేను మొదటి పక్షమే నమ్మి, రాగిని కరిగించే ద్రావకం కూడా కొన్నాను. మొదటి రోజు పది తూటాలకు పదిసార్లు, తరువాత ఐదేసి తూటాలకు ఒకసారి చొప్పున తుడిచాను. తుడిచే కడ్డీ రాసుకుని గొట్టం మూతి అంచు దెబ్బతినకుండా ప్రతిసారీ వెనుక నుంచే తోశాను. ముప్పై ఐదు తూటాలకు ఉదయమంతా పట్టింది. రాగి ఉంటే నీలం తిరగవలసిన గుడ్డముక్కల్లో ఒక్కటీ నీలం తిరగలేదు. కడ్డీ కొనన ఇత్తడి ఉన్నా నీలం వస్తుంది, నాది ప్లాస్టిక్. చివరికి నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి: పోటీలకు నేను వాడే తూటా 2.6 గ్రాముల సీసం, పైన మైనపు పూత, రాగి తొడుగే లేదు. లేని రాగిని నేను పూటంతా తుడుస్తూ కూర్చున్నాను.

అంతకన్నా చేదు నిజం లక్ష్యం మీద కనిపించింది. పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే, తుడిచిన వెంటనే కాల్చిన తూటాలు దాని బయటే చెదిరాయి. మరుసటి వారం మధ్యలో తుడవకుండా అరవై కాల్చగా, డజను దాటాక లక్ష్యం మీది రంధ్రాల గుంపు దగ్గరపడింది, తుడిస్తే మళ్ళీ విచ్చుకుంది. తూటాల మైనం గొట్టం లోపల పూతలా పట్టాకే గురి కుదురుతుంది. కొత్త ఇనుప పెనం మీద మొదటి అట్లు అంటుకుపోతాయి కదా, నేను అట్టు అట్టుకూ పెనం తోముతూ వచ్చానన్నమాట.

నాకున్నది ఒకే బ్యారెల్ కనుక, అలవాటు చేయకుండా వదిలేస్తే ఎలా ఉండేదో పోల్చి చూసే వీలు లేదు. రాగి తొడుగు తూటాలు కాల్చేవారు, లోపల చేత్తో నునుపు చేయని గొట్టమైతే, పది తూటాల వరకు ప్రయత్నించి, గుడ్డ మీద నీలం తగ్గగానే ఆపడంలో తప్పు లేదనుకుంటాను. సీసపు తూటాలకు మాత్రం ఆ తంతు దండగ.

మాకు నిజమైన శత్రువు సముద్రపు గాలి. మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో ఉంది, నూనె పట్టించడం మరచిన ఒక్క రాత్రికే రైఫిల్ బోల్టు (తూటాను గదిలోకి తోసి మూసే భాగం) మీద ఎర్రటి చుక్కలు లేచాయి. ఇప్పుడు కాల్చి వచ్చిన సాయంత్రమే ఫెల్ట్ ముక్కతో తుడిచి, పలుచగా నూనె పూసి, మర్నాడు పొడి గుడ్డతో నూనె తీసి, మొదటి పన్నెండు తూటాలను పోటీకి ముందిచ్చే 15 నిమిషాల సైటింగ్‌లోనే (గురి సరిచూసుకునే సమయంలోనే) ఖర్చుపెడుతున్నాను.