ముప్పై ఏళ్లు ఆగిన సినిమా
రాత్రి అమెరికన్ డైరెక్టర్ చార్లెస్ బర్నెట్ తీసిన 'కిల్లర్ ఆఫ్ షీప్' సినిమా చూశాను, ఇంకా అందులోంచి బయటికి రాలేకపోతున్నా. యూసీఎల్ఏ యూనివర్సిటీలో చదువుకుంటూ, లాస్ ఏంజిలస్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే వాట్స్ అనే పేటలో, ఎక్కువగా శని ఆదివారాల్లో, పది వేల డాలర్ల లోపే తీశాడట. గొర్రెల కబేళాలో పనిచేసే స్టాన్‌కి నిద్ర పట్టదు. అంతకుమించి కథ లేదు. భార్యతో మెల్లగా డాన్స్ చేస్తూ మాట లేకుండా విడిపించుకుని వెళ్లిపోతాడే, అక్కడ నైట్ డ్యూటీ నుంచి వచ్చి ఎవరితోనూ మాట్లాడలేని మా నాన్న గుర్తొచ్చి కాసేపు ఆపేశాను. 1977లో పూర్తయిన సినిమా, అందులో వాడిన పాటల హక్కులు కొనలేక 2007 దాకా థియేటర్లకి సరిగ్గా రాలేదంటే కడుపు రగిలిపోతోంది. బర్నెట్ మాత్రం ఆగకుండా తీస్తూనే వచ్చాడు. గౌరవ ఆస్కార్ ఇచ్చింది 2017లో, అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి. ఈ రాత్రికి 1990లో వచ్చిన ఆయన సినిమా 'టు స్లీప్ విత్ యాంగర్' చూస్తా.