పొద్దున పదకొండింటి అంచనా

హోటల్లో బిర్యానీ మాస్టర్‌నని తెలిస్తే చుట్టాలు "నీకేంరా, రోజూ బిర్యానీయే" అంటారు. హైదరాబాద్ కిచెన్లలో పద్నాలుగేళ్ల నుంచి ఉన్నాను. మధ్యాహ్నం నేను తినేది పెరుగన్నం. అదీ నాలుగు దాటాక, నిలబడి.

దోశలా ఆర్డర్ వచ్చాక పోసేది కాదు కదా దమ్ బిర్యానీ. కచ్చి మటన్‌కైతే పెరుగు, మసాలా, పచ్చి బొప్పాయి పట్టించి గంటల ముందే నానబెట్టాలి. ముప్పావు వంతు ఉడికిన బియ్యం వార్చి ఆ పచ్చి మాంసం మీద పరిచి, మూత చుట్టూ పిండి మెత్తి దమ్ మీద పెట్టాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు. ముక్క ఉడికిందో లేదో మూత తీస్తే గానీ తెలీదు, తీస్తే ఆవిరి పోతుంది. అందుకే ఒంటిగంట జనానికి ఎన్ని హండీలో పొద్దున పదకొండింటికే తేల్చుకోవాలి. నా ఉద్యోగంలో వంట కన్నా ఈ లెక్కే కష్టం.

శ్రావణం, కార్తీకం, శనివారం అయితే తగ్గించాలి. వాన పడితే హాల్ ఖాళీ, పార్సిళ్లు మాత్రం ఆగవు. క్రికెట్ మ్యాచ్ ఉంటే అది ఇంకో లెక్క.

2025 నవంబర్ 23, ఆదివారం. కార్తీకమే కదా అని నాలుగు హండీలు పెట్టాను. గురువారం అమావాస్యతో కార్తీకం అయిపోయిన సంగతే గుర్తులేదు. నెలంతా నోరు కట్టుకున్నవాళ్లు ఒక్కసారే వచ్చి పడ్డారు. ఒకటిన్నరకు నాలుగో హండీ అడుగు కనిపించింది. బిల్లింగ్ మెషిన్ చీటీలు కక్కుతూనే ఉంది. గుమ్మం దగ్గర డెలివరీ కుర్రాళ్లు ఫోన్లు చూపిస్తూ "అన్నా, టైమ్ అయిపోతోంది" అంటున్నారు.

ఐదోది అప్పుడే దమ్ మీదికి ఎక్కింది. మేనేజర్ నాలుగుసార్లు వచ్చాడు. "పది నిమిషాలు ముందు తీస్తే ఏమవుతుంది మాస్టర్?"

తీశాను. సాసర్‌తో పక్క నుంచి నిలువుగా తవ్వితే అన్నం పొడిపొడిగా బాగానే వచ్చింది. నల్లి దగ్గర ముక్క మాత్రం పంటికి లొంగలేదు. మూడు ప్లేట్లు వెనక్కి వచ్చాయి. ఒక పెద్దావిడ కిచెన్ తలుపు దాకా వచ్చి, "ఏం బాబూ, ఇంట్లోనూ ఇట్లాగే వండుకుంటారా?" అని అడిగింది. తలొంచుకుని నిలబడ్డాను.

ఆ ఉక్రోషంతో రాత్రికి ఏడు పెట్టాను. ఒకటిన్నర మిగిలింది.