ఎస్11 బ్రహ్మాండం, ఎదురుగా సిగ్నల్ శూన్యం: నాలుగు ప్యాచ్‌ల ఫీడ్‌తో నా అనుభవం

అనంతపురంలో కూర్చుని 2.45 గిగాహెర్ట్జ్‌కి 2×2 ప్యాచ్ ఆరే (రెండు వరసల్లో నాలుగు పలచటి రాగి ముక్కల యాంటెన్నా) ఇప్పుడే ముగించాను. బోర్డు 1.6 మి.మీ. మందం ఎఫ్ఆర్4, అంటే మామూలు సర్క్యూట్ బోర్డు షీటు. ప్యాచ్ వెడల్పు 37, పొడవు 29 మి.మీ. దగ్గర వస్తుంది. ఆ లెక్క ఏ కాలిక్యులేటరైనా చెప్తుంది.

ఫీడ్, అంటే ప్యాచ్‌లకు సిగ్నల్ తీసుకెళ్లే లైన్లు, ఆ లెక్కా సులువే. ఒక్కో ప్యాచ్‌ ఇంపీడెన్స్‌ని ఇన్‌సెట్‌తో (లైన్ ప్యాచ్ లోపలికి దూరే గాడి) 100 ఓమ్‌లకు తేవాలి. వరసలోని రెండూ టీ దగ్గర కలిస్తే 50. దాన్ని 70.7 ఓమ్ క్వార్టర్‌వేవ్ (పావు వేవ్‌లెంగ్త్ పొడవు) ముక్కతో మళ్లీ 100 చేస్తే, రెండు వరసలూ నడిమధ్యన కలిసి 50 అవుతాయి. ఎస్ఎంఏ కనెక్టర్ అక్కడే, వెనకనుంచి. 50 ఓమ్ లైన్‌కి 3 మి.మీ., 70.7కి 1.6, 100కి 0.7 వెడల్పు. క్వార్టర్‌వేవ్ ముక్క 17 మి.మీ.

నన్ను నలుగురిలో తల దించుకునేలా చేసింది ఆ తర్వాతిది. లేఅవుట్ నాది కాదు, ఏళ్లుగా చేతులు మారుతూ వస్తున్నది, నా పని రివ్యూ చేసినవాళ్లే ఇచ్చింది. వీఎన్ఏలో (పోర్టుకు తిరిగొచ్చే సిగ్నల్‌ని, అంటే ఎస్11ని, కొలిచే పరికరం) డిప్ మైనస్ 20 డీబీ దాటింది, అంటే దాదాపు ఏమీ తిరిగి రావట్లేదు. తీరా రిసీవర్‌కి ఎదురుగా నిలబెడితే ఒంటి ప్యాచ్ కన్నా తక్కువ సిగ్నల్! "లెక్కలు ఎక్కడ కాపీ కొట్టావు?" అని ఆ రివ్యూవాళ్లు అడిగారు గానీ, బోర్డు వైపు ఒక్కరూ చూడలేదు.

పై వరస మీద అరచెయ్యి మూశాను. సిగ్నల్ పెరిగింది. సగం యాంటెన్నాను మూస్తే పెరగడమేంటి? లైన్లు మధ్యనుంచి బయల్దేరతాయి కాబట్టి పై వరసకు కింది అంచులో, కింది వరసకు పై అంచులో ఫీడ్ పడుతుంది. ఒకదాంట్లో కరెంటు పైకి పోతే రెండోదాంట్లో కిందికి. 180 డిగ్రీల ఫేజ్ తేడా వచ్చి ఎదురుగా రెండూ కొట్టేసుకుంటాయి, బలమంతా పక్కలకు పోతుంది. పోర్టుకు తిరిగొచ్చింది ఎంతన్నదే ఎస్11 చెప్తుంది, వెళ్లింది ఎటన్నది చెప్పదు. ఆ ఒక్క గ్రాఫ్ చూసి సంతకం పెట్టేవాళ్లను నమ్మొద్దు.

మందు: కింది వరసకు పోయే 100 ఓమ్ లైన్‌కి 35 మి.మీ., అంటే సగం గైడ్ వేవ్‌లెంగ్త్ (లైన్‌లో తరంగం పొడవులో సగం), అదనంగా కలపాలి. దాంతో ఇంకో 180 డిగ్రీలు చేరి రెండు వరసలూ మళ్లీ ఒకే ఫేజ్‌కి వస్తాయి. సగం వేవ్ ఇంపీడెన్స్‌ని మార్చదు, మ్యాచింగ్ చెడదు. 30 మెగాహెర్ట్జ్ అటూఇటూ జరిగినా ఫేజ్ తప్పేది 2 డిగ్రీలే. ఆ కొమ్మలో పావు డీబీ నష్టం ఉంటుంది, భరించాలి. ఆ అదనపు లైన్ మడతల మధ్య 5 మి.మీ. ఖాళీ వదలండి, లేకపోతే ఒకదాంట్లోని సిగ్నల్ పక్కదాంట్లోకి ఎక్కుతుంది. మూలలు 45 డిగ్రీల్లో కోయండి.

బోర్డు రాగానే సన్నలైన్లు కొలవండి. ఎచింగ్ ఎక్కువై 0.7 కాస్తా 0.5 అయితే 100 ఓమ్‌లు 112 అవుతాయి. ఎఫ్ఆర్4 షీటు మీద డైఎలక్ట్రిక్ స్థిరాంకం 4.4 అన్నంత మాత్రాన ఆగొద్దు. అది 4.7 అయితే ఫ్రీక్వెన్సీ 75 మెగాహెర్ట్జ్ దాకా దిగిపోతుంది, ఈ మందంలో ప్యాచ్ బ్యాండ్ మొత్తం కలిపినా అంత ఉండదు. అందుకే అదే షీటు మీద ముందు ఒంటి ప్యాచ్ కొట్టించి కొలిచి, ఆ అంకెతోనే ఆరే గీయండి.