ఆయన లేని లష్కర్ బోనాలు

ఆదివారం సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి అమ్మవారికి బోనం సమర్పించి వచ్చాం. కాళ్ల వాపు ఇంకా తగ్గలేదు, మనసు మాత్రం తేలికపడింది. కిందటేడు జ్యేష్ఠంలో మా ఆయన పోయారు. మైల ఉండటంతో అప్పుడు బోనం తీయలేదు. సంవత్సరీకం అయ్యాక ఇదే మొదటిసారి.

మొక్కు నాది. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ఆయన ద్రాస్ దగ్గర బోఫోర్స్ గన్ మీద ఉన్నారు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయిన దగ్గర్నుంచి ఉద్యోగమంతా ఫిరంగుల మధ్యే. 56 ఏపీఓ అనే సైన్యం పోస్టాఫీసు అడ్రసుకు రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. టీవీ వార్తల్లో ఆ కొండల మీద పొగ చూసి, "తల్లీ, మనిషిని తిరిగి పంపు, బతికినన్నాళ్లు నీకు బోనమెత్తుతా" అనుకున్నాను. పంపింది. ఎడమ చెవి సరిగా వినపడేది కాదు, అంతే.

ఆ మొక్కును నాకంటే ఆయనే ఎక్కువ పట్టించుకున్నారు. కుండకు పసుపు రాసి కుంకుమ బొట్లు ఆయనే పెట్టేవారు, పరేడ్‌లో జవాన్లను నిలబెట్టినట్టు సమానంగా. నాకు మోకాలి ఆపరేషన్ అయిన ఏడాది బెల్లం బువ్వ కూడా ఆయనే వండారు. "ఈ గుడి పెట్టిందే మన పటాలపోడు" అని లైనులో పక్కవాళ్లకు గర్వంగా చెప్పేవారు. 1813లో పటాలంతో ఉజ్జయిని పోయిన సురిటి అప్పయ్య కలరా తగ్గితే చాలని మొక్కుకుని, తిరిగొచ్చి 1815లో ఇక్కడ అమ్మను నిలిపిన సంగతి తెలిసిందే కదా. నేను బోనంతో నడుస్తుంటే ఆయన వెనకాలే రెండు చేతులూ చాపి, ఎవరూ తగలకుండా కాసేవారు. "నువ్వు ముందు చూస్కుంట నడువు" అనేవారు.

ఈసారి కోడలు ఎత్తుకుంది. అమ్మకు సాక పోసే పసుపు నీళ్ల చెంబు నా చేతిలో. గుడి దగ్గర పడేసరికి ఒకటే తోపులాట. ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసేవాళ్లు కదలరు, వెనకవాళ్లు ఆగరు. బోనమెత్తిన ఆడపిల్లకు దారి వదలాలని కూడా తెలియకపోతే ఎట్లా? ఎవరిదో మోచేయి తగిలి దీపం ఒరిగింది, వేడి నూనె కోడలి చెవి మీద పడింది. కళ్లలో నీళ్లు తిరిగినా చేతులు వదల్లేదు పిల్ల.

అప్పుడు వచ్చాడు ఒక అబ్బాయి, ఇంటర్ చదివే వయసు ఉంటుందేమో. "పెద్దమ్మా, మీరు నడవుండ్రి, ఎవ్వల్ని తగలనియ్య" అంటూ కోడలి వెనక చేతులు చాపి నిలబడ్డాడు. తనే చెమటలో తడిసిపోతున్నాడు, మోచేతులతో జనాన్ని ఆపుతున్నాడు. ఆ చేతులు చూడగానే నాకు ఏడుపు ఆగలేదు. గడప దాకా వచ్చి, మళ్లీ గుంపులో కలిసిపోయాడు. పేరైనా అడగలేదు.

లోపల ఎంతసేపు ఉంటాం? పువ్వుల మధ్య నుంచి అమ్మ కళ్లు కనపడ్డాయి, "నడువుండ్రి, నడువుండ్రి" అన్నారు, అయిపోయింది. కానీ ఆ కాస్తలోనే చూసింది నన్ను.

ఇంటికొచ్చాక కొడుకు అడిగాడు, "నాన్న కోసం మొక్కిన మొక్కు కదమ్మా, ఇంకా ఈ కష్టం ఎందుకు?" అని. ద్రాస్ నుంచి వచ్చాక మీ నాన్న నీ పెళ్లి చేసిండు, నీ బిడ్డను భుజాన మోసిండు, ఆ ఏళ్లన్నీ అమ్మ ఇచ్చినవే, నేనున్నన్నాళ్లు బోనం పోతది అని చెప్పాను.